నాన్‌కై ట్రెంచ్ డేటా మీద సైస్మిక్ యూనిక్స్: ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ జాగ్రత్త పడాలి

సముద్రపు ట్రెంచ్ దగ్గర ఒక పలక ఇంకో పలక కిందికి ఎలా దూరుతోందో సైస్మిక్ డేటాలో చూడటం నేర్చుకునేవాళ్లు మొదట పట్టుకోవలసిన సాఫ్ట్‌వేర్ సైస్మిక్ యూనిక్స్. పైసా ఖర్చు లేదు, సోర్స్ కోడ్ మొత్తం చేతికొస్తుంది, మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. ఒకట్రెండు లోటులు పక్కన పెడితే, షాట్ రికార్డుల (ఒక్కో శబ్దపు పేలుడుకి వచ్చిన ప్రతిధ్వనుల) నుంచి స్టాక్ (ఒకే బిందువుకి చెందిన రికార్డులు కలిపి తీసిన బొమ్మ) దాకా దీన్ని నమ్మొచ్చు. ప్రతిఫలనాల్ని వాటి అసలు చోటికి చేర్చే మైగ్రేషన్‌కి వచ్చాక మాత్రం ట్రెంచ్ వాలు దీన్ని గట్టిగా పరీక్షిస్తుంది. అక్కడ ఎంచుకున్న ప్రోగ్రాంని బట్టే బొమ్మ సరిగ్గా వస్తుందా, తప్పుదారి పట్టిస్తుందా అన్నది తేలుతుంది.

గాలిలో మాట్లాడకుండా ఒక నిజమైన రేఖ తీసుకుందాం. జపాన్ నైరుతి తీరానికి ఆవల, ఫిలిప్పీన్ సముద్ర పలక కిందికి దిగే నాన్‌కై ట్రెంచ్ మీద 1987లో ఫ్రెడ్ మూర్ అనే నౌక కొన్ని మల్టీచానల్ (అనేక రిసీవర్లతో ఒకేసారి రికార్డు చేసే) రేఖలు షూట్ చేసింది. వాటిలో ఎన్‌టీ62-8 అనే రేఖ డేటా సైస్మిక్ యూనిక్స్ శిక్షణలో బాగా వాడుకలో ఉంది. దీని విలువ ఇంకోచోట ఉంది. 1990లో ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రాం 131వ లెగ్‌లో ఇదే రేఖ మీద 808వ సైట్ తవ్వారు. అక్కడ నీటి లోతు సుమారు 4,700 మీటర్లు. సముద్రగర్భం కింద దాదాపు 366 మీటర్ల దగ్గర ముందరి థ్రస్ట్ ఫాల్ట్, 945 నుంచి 964 మీటర్ల మధ్య డెకోల్‌మా, అంటే రెండు పలకలు ఒకదాని మీద ఒకటి జారే పొర, దాదాపు 1,290 మీటర్ల దగ్గర సముద్రపు బసాల్ట్ తగిలాయి. మనం తీసిన బొమ్మ ఒప్పో తప్పో చూసుకోడానికి ఇంతకంటే మంచి కొలబద్ద ట్రెంచ్ డేటాలో అరుదు. కాబట్టి ఈ సమీక్ష అంతా ఈ రేఖలాంటి డేటా చుట్టూనే తిరుగుతుంది.

సాఫ్ట్‌వేర్ పుట్టుక గురించి రెండు ముక్కలు. 1970ల చివర్లో స్టాన్‌ఫోర్డ్‌లో ఐనార్ క్యార్టాన్సన్ రాసుకున్న కొన్ని చిన్న ప్రోగ్రాములు దీనికి మూలం. తర్వాత కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లోని సెంటర్ ఫర్ వేవ్ ఫినామినా దాన్ని పెంచింది. జాక్ కోహెన్, జాన్ స్టాక్‌వెల్ ప్రధానంగా పనిచేశారు. 1992లో బయటివాళ్లకి విడుదలైంది. ఇందులో మెనూలు, ప్రాజెక్టు ఫోల్డర్లు, బటన్లు ఏమీ ఉండవు. ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఒకదాని అవుట్‌పుట్‌ని పైప్ గుర్తుతో ఇంకోదానికి అందిస్తూ షెల్ స్క్రిప్టు రాసుకోవాలి. ప్రోగ్రాం పేరు ఒక్కటే కొట్టి ఎంటర్ నొక్కితే దాని వివరణ మొత్తం తెర మీదకి వస్తుంది. పేరు గుర్తు లేకపోతే సుఫైండ్ అని కొట్టి పక్కన "మిగ్" అని ఇస్తే మైగ్రేషన్ ప్రోగ్రాములన్నీ జాబితాగా వస్తాయి. ఈ సెల్ఫ్‌డాక్ పద్ధతి ఎంత బాగుంటుందంటే, వేరే మాన్యువల్ తెరవాల్సిన అవసరం చాలా తక్కువసార్లు వస్తుంది.

ఇన్‌స్టాలేషన్

లినక్స్ మీద గంట పని. విండోస్ 11లో ఉన్న లినక్స్ సబ్‌సిస్టమ్‌లోనూ బొమ్మల విండోలతో సహా నడుస్తుంది. సీ కంపైలర్, ఎక్స్11, ఎక్స్‌టీ డెవలప్‌మెంట్ ఫైళ్లు ముందే పెట్టుకోవాలి. సీడబ్ల్యూపీరూట్ అనే వేరియబుల్‌లో ఫోల్డర్ దారి ఇచ్చి, దాని కింద ఉండే బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో చేర్చాలి. సోర్స్ ఫోల్డర్‌లో మొదట "మేక్ ఇన్‌స్టాల్", తర్వాత బొమ్మల కోసం "మేక్ ఎక్స్‌టీఇన్‌స్టాల్" నడపాలి. ఫోర్ట్రాన్, మోటిఫ్, ఓపెన్‌జీఎల్ భాగాలు ఈ పనికి అక్కర్లేదు. అవి కంపైల్ కాలేదని ఆగిపోవద్దు.

ఆగేది సాధారణంగా రెండు చోట్ల. కొత్త లినక్స్‌లలో ఆర్‌పీసీ హెడర్ ఫైళ్లు సిస్టమ్ లైబ్రరీ నుంచి తీసేశారు. "ఆర్‌పీసీ టైప్స్ ఫైల్ దొరకలేదు" అని ఎర్రర్ వస్తే టీఐఆర్‌పీసీ డెవలప్‌మెంట్ ప్యాకేజీ పెట్టి, మేక్‌ఫైల్ కాన్ఫిగ్‌లో దాని దారి చేర్చాలి. రెండోది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అది ఎర్రర్ ఇవ్వదు. అదే కాన్ఫిగ్ ఫైల్లో ఎక్స్‌డీఆర్ ఫ్లాగ్ ఒకటి ఉంటుంది. అది ఉంచితే డేటా ఫైళ్లన్నీ బిగ్-ఎండియన్‌లో (పెద్ద విలువ బైటు ముందుండే వరసలో), తీసేస్తే కంప్యూటర్ సొంత బైట్ వరసలో రాస్తుంది. ల్యాబ్‌లో రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా కంపైల్ చేసి ఉంటే ఒకచోట రాసిన ఫైలు ఇంకోచోట గందరగోళమైపోతుంది. గుర్తుపట్టడం సులువు: హెడర్‌లో 7,500 శాంపిళ్లు ఉండాల్సిన చోట 19,485 కనిపిస్తే, 2,000 మైక్రోసెకన్ల శాంపిల్ విరామం బదులు 53,255 కనిపిస్తే బైట్లు తిరగబడ్డాయన్నమాటే. సుస్వాప్‌బైట్స్ ప్రోగ్రాంతో ఆ ఫైలు సరిచేయొచ్చు. కానీ ల్యాబ్ మొత్తానికి ఫ్లాగ్ ఒకేలా పెట్టించడమే అసలు పరిష్కారం.

డేటా లోపలికి తేవడం

సైస్మిక్ డేటాకి ప్రామాణిక రూపమైన సెగ్-వై ఫైలు మొదట్లో 3,200 బైట్ల టెక్స్ట్ హెడర్, 400 బైట్ల బైనరీ హెడర్, ఆ తర్వాత ప్రతి ట్రేసుకీ (ఒక్కో రిసీవర్ రికార్డుకీ) 240 బైట్ల హెడర్ ఉంటాయి. సెగ్‌వైరీడ్ ప్రోగ్రాం మొదటి రెండింటినీ "హెడర్", "బైనరీ" అనే రెండు ఫైళ్లుగా పక్కన పెట్టేసి, ట్రేసులు మాత్రమే ముందుకి పంపుతుంది. ఇంకో రేఖని అదే ఫోల్డర్‌లో చదివితే ఆ రెండు ఫైళ్లూ మాటా పలుకూ లేకుండా చెరిగిపోతాయి. ఒక్కో రేఖకి ఒక్కో ఫోల్డర్ పెట్టుకోవాలి. చదివిన వెంటనే సురేంజ్ నడిపి ప్రతి హెడర్ విలువ కనిష్ఠం, గరిష్ఠం ఎంతో చూడాలి. ఈ ఒక్క అడుగు దాటవేసినవాళ్లు తర్వాత గంటలు పోగొట్టుకుంటారు.

ట్రెంచ్ డేటాలో ముఖ్యంగా చూడాల్సింది డీఈఎల్ఆర్‌టీ, అంటే రికార్డింగ్ ఎంత ఆలస్యంగా మొదలైందో చెప్పే విలువ. 4,700 మీటర్ల నీటిలో సముద్రగర్భం నుంచి ప్రతిఫలనం 6.27 సెకన్లకి గానీ రాదు. అందుకే డిస్కు, టేపు ఆదా కోసం రికార్డింగ్‌ని కొన్ని సెకన్లు ఆలస్యంగా మొదలుపెట్టడం మామూలే. నౌక లోతు నుంచి తీరం వైపు వస్తున్నప్పుడు ఆ ఆలస్యాన్ని మధ్యలో మారుస్తారు. ఈ మార్పుని పట్టించుకోకుండా ట్రేసుల్ని పక్కపక్కన పేరిస్తే సముద్రగర్భం నుంచి బసాల్ట్ దాకా అన్ని పొరలూ ఒకేచోట నిట్టనిలువుగా, సరిగ్గా ఒక సెకనో, అర సెకనో మెట్టు దిగినట్టు కనిపిస్తాయి. కొత్తవాళ్లు దాన్ని పెద్ద ఫాల్ట్ అనుకునే ప్రమాదం ఉంది. మెట్టు ఎత్తు సరిగ్గా సెకనో, అర సెకనో ఉండి, నీటి అడుగుకీ బసాల్ట్‌కీ ఒకేలా ఉంటే అది భూమిది కాదు, రికార్డర్‌ది. సుషిఫ్ట్ ప్రోగ్రాంకి ప్రారంభం 0, ముగింపు 12 సెకన్లు అని ఇస్తే అన్ని ట్రేసుల్నీ ఒకే కాలపరిధిలోకి తెస్తుంది, ఖాళీ చోట సున్నాలు పెడుతుంది. ఈ ప్రోగ్రాం చాలా చక్కగా పనిచేస్తుంది.

నిర్దేశాంకాల్లో స్కాల్కో అనే గుణకం −100 అని ఉంటే సంఖ్యలు సెంటీమీటర్లలో ఉన్నట్టు. చాలా ప్రోగ్రాములు ఆ గుణకాన్ని చూడవు. కాబట్టి జామెట్రీ (షాట్లు, రిసీవర్లు ఎక్కడున్నాయో పెట్టుకునే పని) మొదలుపెట్టేముందే మీటర్లలోకి మార్చేసుకోవాలి. సీడీపీ నంబర్లు (షాట్‌కీ రిసీవర్‌కీ మధ్యబిందువుల నంబర్లు) సుసీహెచ్‌డబ్ల్యూతో లెక్కగట్టొచ్చు గానీ, అది స్ట్రీమర్ (రిసీవర్లున్న పొడవాటి కేబుల్) నౌక వెనక తిన్నగా ఉందనుకునే లెక్క. నాన్‌కైలో కురోషియో ప్రవాహం బలంగా ఉంటుంది, స్ట్రీమర్ పక్కకి వంగిపోతుంది. 2006లో కుమానో తీరంలో 3డీ సర్వే చేసినప్పుడు కూడా ఈ ప్రవాహం పెద్ద ఇబ్బందే పెట్టింది. వంపు ఎక్కువగా ఉన్న రేఖకి నిజమైన రిసీవర్ స్థానాలు హెడర్‌లో పెట్టుకుని, మిడ్‌పాయింట్‌ని వాటి నుంచే లెక్కగట్టాలి. ఈ పనికి సిద్ధంగా ఉన్న సాధనాలు ఇక్కడ తక్కువ, కొంత స్క్రిప్టు మనమే రాసుకోవాలి. ఇది నిజమైన లోటు.

ఫిల్టర్, గెయిన్, ధ్రువత

ఫిల్టర్ అంకెలు ఎవరో వాడారని వాడకూడదు. స్ట్రీమర్ ఎంత లోతులో లాగారో దాన్ని బట్టి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శక్తి చచ్చిపోతుంది: 10 మీటర్ల లోతైతే 75 హెర్ట్జ్, 15 మీటర్లైతే 50 హెర్ట్జ్. ఆ పైన ఉన్నది ఎక్కువగా చప్పుడే. సుఫిల్టర్‌కి నాలుగు మూలలు ఇవ్వాలి. 10 మీటర్ల లోతుకి 3, 6, 55, 70 హెర్ట్జ్ మంచి ఆరంభం. కింది మూలని 10 హెర్ట్జ్‌కి పెంచితే అలల చప్పుడు పోయి చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ, లోతున ఉన్న బసాల్ట్ పైభాగం, దాని కిందివన్నీ బలహీనపడతాయి. క్రస్టు కోసం పనిచేసేవాళ్లకి 5 నుంచి 10 హెర్ట్జ్ మధ్య ఉన్న శక్తి బంగారం. అది పోగొట్టుకోకూడదు.

సుగెయిన్‌లో కాలం వర్గంతో పెంచే టీపవ్ 2 అనే ఎంపిక నేల మీద డేటాకి బాగా సరిపోతుంది. లోతు నీళ్లలో అది దాదాపు ఏమీ చెయ్యదు. 6.27 సెకన్ల దగ్గరి విలువకీ 8 సెకన్ల దగ్గరి విలువకీ నిష్పత్తి 1.63 మాత్రమే. నీటిలో గడిచిన ఆరు సెకన్లు లెక్కని మింగేస్తాయి. సముద్రగర్భం కింద నిజంగా జరిగే శక్తి నష్టం అంతకంటే చాలా ఎక్కువ. అందుకే అందరూ ఏజీసీకి (బలాన్ని అంతటా సమం చేసే ఆటోమేటిక్ గెయిన్‌కి) పరిగెత్తుతారు. అర సెకను విండోతో ఏజీసీ వేస్తే సముద్రగర్భపు బలమైన ప్రతిఫలనం పక్కనే ఉన్న పొరలు నల్లగా అణిగిపోతాయి, డెకోల్‌మా బలం రేఖ పొడవునా ఎలా మారుతోందో ఇక తెలియదు. గోళాకార వ్యాప్తి వల్ల పోయిన శక్తికి సుడివ్‌కార్, ఆ పైన సుగెయిన్‌లోనే ఉన్న ఘాతాంక గెయిన్ కొంచెం వేయడం మేలు. ఏజీసీని చూడ్డానికి మాత్రమే వాడి, ఫైల్లో దాచుకోకుండా ఉండటం ఇంకా మేలు. పైప్ చివర్లో సుఎక్స్ఇమేజ్‌కి ముందు పెడితే చాలు.

ధ్రువత (తరంగం మొదట ఎటు ఊగుతుందన్నది) విషయంలో కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ట్రెంచ్ దగ్గర అసలు కథ అక్కడే ఉంది. నాన్‌కైలో డెకోల్‌మా ప్రతిఫలనం సముద్రగర్భ ప్రతిఫలనానికి తిరగబడి ఉంటుంది. పైన గట్టిపడిన మట్టి పొరలు ఉన్నాయి. కింద నీళ్లు ఇంకా బయటికి పోలేక చిక్కుకుని, సచ్ఛిద్రత (లోపలి ఖాళీల పాలు) ఎక్కువగా ఉన్న పొరలున్నాయి. 808వ సైట్ కోర్లలో డెకోల్‌మా దాటగానే సచ్ఛిద్రత ఒక్కసారిగా పెరగడం కనిపించింది. ఈ తిరగబాటుని చూడాలంటే బూడిదరంగు బొమ్మ పనికిరాదు. ఒక ముప్పై పక్కపక్క ట్రేసులు తీసి సుఎక్స్‌విగ్‌బీతో గీతలుగా చూడాలి. మొదట సముద్రగర్భం దగ్గర ప్రధాన లోబ్ (తరంగపు పెద్ద ఉబ్బు) కుడికి వెళ్తోందా ఎడమకి వెళ్తోందా చూసి కాగితం మీద రాసుకోవాలి. హైడ్రోఫోన్ డేటాలో పీడనం పెరిగితే సంఖ్య ధనాత్మకమా ఋణాత్మకమా అన్నది రికార్డింగ్ సంప్రదాయాన్ని బట్టి మారుతుంది. అందుకే సంకేతం ఎటున్నదన్నది ముఖ్యం కాదు, సముద్రగర్భానికి వ్యతిరేకంగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఎయిర్‌గన్ (గాలి పేలుడుతో శబ్దం పుట్టించే సాధనం) వదిలిన బుడగ వల్ల వచ్చే రెండో లోబ్‌ని మొదటిది అనుకుంటే అంతా తలకిందులవుతుంది. సుపెఫ్‌తో డీకాన్వల్యూషన్ (తరంగాన్ని కుదించి పదును చేసే పని) చెయ్యకముందు ఒకసారి, చేశాక ఒకసారి ఇదే పరీక్ష చెయ్యాలి.

సుపెఫ్‌లో ఇంకో చిక్కు. దాని ఆటోకోరిలేషన్ విండో ఏమీ ఇవ్వకపోతే ట్రేస్ మొత్తాన్ని తీసుకుంటుంది, అంటే ఆరు సెకన్ల ఖాళీ నీటి చప్పుడుతో సహా. ఫిల్టర్ ఆ చప్పుడుకి తగ్గట్టు తయారవుతుంది. విండోని సముద్రగర్భం నుంచి మూడు సెకన్ల కింది దాకా పెట్టాలి. నీటి లోతు రేఖ పొడవునా మారుతుంది కాబట్టి సీడీపీ నంబర్ల వారీగా విండోలు ఇచ్చే సౌకర్యం సుపెఫ్‌లో ఉంది. దాన్ని వాడుకోవాలి.

డెకోల్‌మా పొర మందం గురించి కూడా ఆశలు అదుపులో పెట్టుకోవాలి. అక్కడ వేగం సెకనుకి సుమారు 2,000 మీటర్లు, ప్రధాన ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దాదాపు 17 మీటర్లు. డెకోల్‌మా మందం 19 మీటర్లు. పైఅంచు, కిందిఅంచు విడివిడిగా కనిపించే హద్దు మీదే ఉన్నాం. ఈ డేటాలో దాని లోపలి నిర్మాణం గురించి గట్టిగా మాట్లాడకూడదు.

వేగాలు

సువెలాన్ సెంబ్లెన్స్ ప్యానెళ్లు (ఏ వేగం డేటాకి ఎంత సరిపోతుందో చూపే బొమ్మలు) బాగా గీస్తుంది. బొమ్మ మీద మౌస్ పెట్టి "ఎస్" నొక్కితే పిక్‌లు (ఎంచుకున్న బిందువులు) ఫైల్లోకి వెళ్తాయి. మొదట్లో కాస్త చిరాకుగా ఉన్నా అలవాటవుతుంది. కానీ పొట్టి స్ట్రీమర్‌తో తీసిన పాత ట్రెంచ్ డేటాలో ప్యానెల్ ఏం చూపిస్తుందో అది నమ్మదగ్గదా అన్నది వేరే ప్రశ్న. 7.5 సెకన్ల దగ్గర, 2 కిలోమీటర్ల ఆఫ్‌సెట్‌లో (షాట్‌కీ రిసీవర్‌కీ మధ్య దూరంలో), సగటు వేగం 1,550 అయినా 1,600 అయినా రాక సమయంలో తేడా 7 మిల్లీసెకన్లే. 30 హెర్ట్జ్ తరంగం ఒక ఆవర్తనమే 33 మిల్లీసెకన్లు. అంటే సెంబ్లెన్స్ మచ్చ వేగం అక్షం వెంబడి అడ్డంగా సాగిపోయి ఏ వేగమైనా సరిపోయినట్టు కనిపిస్తుంది. అదే 6 కిలోమీటర్ల స్ట్రీమర్‌తో తేడా 55 మిల్లీసెకన్లవుతుంది, స్పష్టంగా పిక్ చెయ్యొచ్చు. 2021లో కాస్కేడియా సబ్డక్షన్ జోన్ మీద మార్కస్ లాంగ్‌సెత్ నౌక చేసిన సర్వేలో 15 కిలోమీటర్ల స్ట్రీమర్ ఎందుకు లాగారో ఈ లెక్కతో అర్థమవుతుంది. పొట్టి స్ట్రీమర్ డేటాకి సువెలాన్ ఇచ్చిన అంకెలు స్టాక్ వరకే పనికొస్తాయి. వాటి నుంచి పొరల వేగం, సచ్ఛిద్రత లెక్కగడితే తప్పు మన మెడకి చుట్టుకుంటుంది. ఆఫ్‌సెట్ వల్ల వచ్చే ఆలస్యాన్ని సరిచేసే సుఎన్ఎంఓలో స్ట్రెచ్ మ్యూట్ (మరీ సాగిపోయిన భాగాన్ని కత్తిరించే హద్దు) 1.5 డిఫాల్ట్‌గా ఉంటుంది. లోతు నీళ్లలో అది దాదాపు దేన్నీ కత్తిరించదు కాబట్టి అలాగే వదిలెయ్యొచ్చు.

మల్టిపుల్స్

ట్రెంచ్ అడుగున అదృష్టం మన వైపు ఉంటుంది. సముద్రగర్భం 6.27 సెకన్లకి వస్తే దాని మొదటి మల్టిపుల్ (నీటి పైభాగానికి తగిలి మళ్లీ కిందికి వెళ్లి వచ్చిన ప్రతిధ్వని) 12.5 సెకన్లకి. డెకోల్‌మా, బసాల్ట్ అన్నీ అంతకు చాలా ముందే అయిపోతాయి. ఇబ్బంది తీరం వైపు వాలు మీద. నీరు 1,000 మీటర్లకి తగ్గగానే సముద్రగర్భం 1.33 సెకన్లకి, మల్టిపుల్ 2.67 సెకన్లకి వచ్చి లోపలి పొరలన్నిటి మీదుగా అడ్డంగా కోస్తుంది. సుపెఫ్ దీన్ని తొలగించలేదు. లోతు నీళ్ల మల్టిపుల్ ఆఫ్‌సెట్‌తో ఒకే కాలవ్యవధిలో తిరిగి రాదు. సురాడాన్ కొంత చేస్తుంది, కానీ దానికీ పొడవైన ఆఫ్‌సెట్లు కావాలి. మల్టిపుల్‌కీ అసలు ప్రతిఫలనానికీ వంపులో తేడా కనిపించాలి కదా. దగ్గరి ఆఫ్‌సెట్లలో మిగిలిపోయిన మల్టిపుల్‌ని లోపలి మ్యూట్‌తో కత్తిరించడం తప్పదు. డేటా నుంచే మల్టిపుల్స్‌ని అంచనా వేసి తీసేసే పద్ధతి కావాలంటే మాడగాస్కర్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ వైపో, కమర్షియల్ సాఫ్ట్‌వేర్ వైపో వెళ్లడం మంచిది.

మైగ్రేషన్: అసలు పరీక్ష

మైగ్రేషన్ లేకుండా ఈ డేటాని వ్యాఖ్యానించకూడదు. 5,600 మీటర్ల లోతులో, 50 మీటర్ల తరంగదైర్ఘ్యంతో ఫ్రెనెల్ వృత్తం (ఒక ప్రతిఫలనం పోగయ్యే ప్రాంతం) వ్యాసార్థం దాదాపు 370 మీటర్లు. అంటే 700 మీటర్ల లోపు వెడల్పున్నదేదైనా స్టాక్‌లో అలుక్కుపోయే ఉంటుంది. థ్రస్ట్ ఫాల్ట్ కొనలు, పొరల విరుగుళ్లు అన్నీ ఆ కొలతలోవే.

సుస్టోల్ట్ వేగంగా నడుస్తుంది. నీటి వేగం 1,500తో ఒకసారి నడిపితే సముద్రగర్భం మీది డిఫ్రాక్షన్లు (అంచుల నుంచి చెదిరిన గొడుగులాంటి వంపులు) సర్దుకుని నిమిషాల్లో ఒక మంచి తొలి బొమ్మ వస్తుంది. అంతవరకు దాన్ని సంతోషంగా వాడొచ్చు. సుమిగ్‌పీఎస్, సుమిగ్‌టీకే కాలంతో మారే వేగాన్ని తీసుకుంటాయి, పక్కకి మారేదాన్ని కాదు. ట్రెంచ్ అడుగున 5 సెకన్ల దగ్గర ఉన్నది నీరు, 1,500 మీటర్ల వేగం. వాలు పైన అదే 5 సెకన్ల దగ్గర ఉన్నది దానికి రెండింతల వేగమున్న రాయి. ఈ రెండిటికీ ఒకే వేగపట్టిక ఇస్తే ఒకవైపు డిఫ్రాక్షన్లు మిగిలిపోతాయి, ఇంకోవైపు బొమ్మ నవ్వుతున్న పెదాల్లాంటి వంపులతో నిండిపోతుంది. ఇది ప్రోగ్రాం తప్పు కాదు. సెల్ఫ్‌డాక్‌లో వేగం కాలంతోనే మారుతుందని స్పష్టంగా రాసి ఉంటుంది. కానీ ట్రెంచ్ మొత్తానికి అది సరిపోదు.

కాలంలో ఉన్న బొమ్మకే ఇంకో పెద్ద లోపం ఉంది. 1,000 మీటర్ల నీటిని దాటి రావడానికి 1.33 సెకన్లు పడితే, 2,500 వేగమున్న 1,000 మీటర్ల మట్టి పొరకి 0.8 సెకన్లే. సముద్రగర్భం ఒక కిలోమీటరు పైకి లేచినచోట కింద ఉన్న పలక 0.53 సెకన్లు పైకి లాగినట్టు కనిపిస్తుంది. కిందికి వంగుతున్న పలక కాల చిత్రంలో చదునుగా, ఒక్కోచోట తీరం వైపు పైకి లేస్తున్నట్టు కూడా కనిపిస్తుంది. సబ్డక్షన్ కోణాన్ని కాల చిత్రం నుంచి కొలిచి చెప్పడం ఎట్టిపరిస్థితుల్లోనూ సరికాదు.

దారి ఒకటుంది, అదే ఈ సాఫ్ట్‌వేర్‌లో అత్యంత విలువైన భాగం: రేట్2డీతో కిరణాల ప్రయాణకాలాల పట్టికలు తయారుచేసి, సుకేడీమిగ్2డీతో కిర్కాఫ్ డెప్త్ మైగ్రేషన్. వేగ నమూనాని యూనిఫ్2తో పొరలుగా కట్టి, స్మూత్2తో నునుపు చేసి ఇవ్వాలి. నునుపు చెయ్యకపోతే పదునైన సరిహద్దుల దగ్గర కిరణాలు చెదిరి పట్టికలో ఖాళీలు, బొమ్మలో నీడలు వస్తాయి. మరీ నునుపు చేస్తే సముద్రగర్భం సరిహద్దు చెరిగిపోయి దాని కింద అన్నీ తప్పు లోతులో పడతాయి. వేగం ఫైలుకి హెడర్ ఏమీ ఉండదు, వట్టి సంఖ్యల వరస, మొదట ఒక చోటి లోతులన్నీ, తర్వాత పక్క చోటివి వస్తాయి. లోతు శాంపిళ్ల సంఖ్య ఒక్కటి తప్పు ఇచ్చినా నమూనా మొత్తం ఏటవాలుగా సాగిపోతుంది, ప్రోగ్రాం నోరెత్తదు. అందుకే నడిపేముందు ఎక్స్ఇమేజ్‌లో వేగం ఫైలుని తప్పకుండా చూడాలి.

పరిమాణం గురించి ఒక లెక్క. 100 కిలోమీటర్ల రేఖ, 12 కిలోమీటర్ల లోతు అనుకుందాం. పట్టిక గ్రిడ్ పక్కకి 100 మీటర్లు, లోతుకి 50 మీటర్లు పెడితే ఒక్కో పట్టిక ఒక మెగాబైటు లోపే. ప్రతి 100 మీటర్లకి ఒక మూలస్థానం చొప్పున వెయ్యి పట్టికలకి ఒక జీబీ చాలు. అనవసరంగా సన్నటి గ్రిడ్‌కి, పక్కకి 25, లోతుకి 12.5 మీటర్లకి పోతే అదే 15 జీబీ అవుతుంది, బొమ్మలో తేడా మాత్రం కనిపించదు. ప్రయాణకాలం మెల్లగా మారే రాశి కాబట్టి మధ్య విలువలు ఇంటర్‌పొలేషన్‌తో బాగానే వస్తాయి.

డెప్త్ బొమ్మ వచ్చాక 808వ సైట్ దగ్గర ఆగి కొలవాలి. డెకోల్‌మా 1,050 మీటర్ల దగ్గర కనిపిస్తే పైపొరల వేగం పది శాతం ఎక్కువ ఇచ్చినట్టు. అక్కడ తగ్గించి మళ్లీ నడపాలి. కానీ ఆ సవరణని వాలు పైకి యథాతథంగా మోయకూడదు. వెనక పొరలు ఇంకా నొక్కుకుపోయి ఉంటాయి, వేగం నిజంగానే ఎక్కువ.

డిస్కు, ఓబీఎస్, ఇంకొన్ని

ఆధునిక డేటాకి డిస్కు ముందే లెక్కేసుకోవాలి. 100 కిలోమీటర్ల రేఖ, 50 మీటర్లకో షాట్, 480 చానళ్లు, 2 మిల్లీసెకన్ల శాంపిల్‌తో 15 సెకన్లు: మొత్తం 29 జీబీ. చానళ్ల మధ్య 12.5 మీటర్లైతే ఫోల్డ్ (ఒక్కో బిందువుకి వచ్చే ట్రేసుల సంఖ్య) 60. ప్రతి అడుగూ ఫైలుగా దాచుకుంటూ పోతే ఐదారు అడుగులకే 150 జీబీ దాటుతుంది. పైపులు ఉన్నది అందుకే. 4 మిల్లీసెకన్లకి తగ్గించుకుంటే సగం మిగులుతుంది గానీ, సురీశాంప్‌కి ముందు సుఫిల్టర్‌తో 125 హెర్ట్జ్ పైన ఉన్నదంతా కోసెయ్యాలి. లేకపోతే ఆ చప్పుడు మడిచి లోపలికి వస్తుంది.

సముద్రగర్భ సైస్మోమీటర్ల (ఓబీఎస్) డేటాకి ఇది సగం సాధనమే. సురెడ్యూస్‌తో సెకనుకి 8 కిలోమీటర్ల రిడక్షన్ వేగం పెట్టి గీస్తే మాంటిల్ నుంచి వచ్చే తొలి రాకలు దాదాపు అడ్డంగా పరుచుకుని చక్కగా కనిపిస్తాయి. అంతవరకు బాగుంది. కానీ శాంపిళ్ల సంఖ్య హెడర్‌లో 16 బిట్లే కాబట్టి ఒక ట్రేసు 65,535 శాంపిళ్లకి మించకూడదు. నెలల తరబడి ఆగకుండా సాగే రికార్డుని ముందే షాట్ సమయాల ప్రకారం ముక్కలు చెయ్యాలి. గడియారం జారుడుని కూడా అప్పుడే సరిదిద్దుకోవాలి. పిక్‌ల నుంచి క్రస్టు వేగ నమూనా తీయడానికి టోమో2డీ లాంటి వేరే ప్రోగ్రాం కావాలి. ఆ నమూనానే తెచ్చి రేట్2డీకి ఇస్తే, పొట్టి స్ట్రీమర్ వేగాల బలహీనత చాలావరకు తీరిపోతుంది. రెండూ కలిపి వాడటమే ట్రెంచ్‌కి సరైన పద్ధతి.

మన దగ్గర దీని ఉపయోగం చాలా నేరుగా ఉంది. 2004 డిసెంబర్ 26న ఆంధ్ర తీరాన్ని తాకిన సునామీ సుమత్రా–అండమాన్ సబ్డక్షన్ జోన్‌లో పుట్టింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్ నుంచి సునామీ హెచ్చరికలు వెలువడుతున్నాయి, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కూడా అదే ఊళ్లో ఉంది. కృష్ణా–గోదావరి బేసిన్ ట్రెంచ్ కాదు. కానీ 2006లో అక్కడ తవ్వి తీసిన గ్యాస్ హైడ్రేట్ల (గ్యాస్‌ని బంధించిన మంచులాంటి పదార్థాల) కింద, సముద్రగర్భానికి సమాంతరంగా కనిపించే బీఎస్ఆర్ అనే ప్రతిఫలనం కూడా సముద్రగర్భానికి తిరగబడే ఉంటుంది. ధ్రువత పరీక్ష ఎన్‌టీ62-8 మీద నేర్చుకున్నవాళ్లకి అక్కడ అదే పని అవుతుంది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఎమ్మెస్సీ చేస్తున్న విద్యార్థికి లైసెన్సు కోసం ఎవరినీ బతిమాలకుండా తన సొంత కంప్యూటర్‌లో ఇదంతా చెయ్యగలగడం చిన్న విషయం కాదు.

ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. పోయిన ఒకటి జామెట్రీ, మల్టిపుల్స్ దగ్గరి లోటుకి. వెంటనే మొదలుపెట్టాలంటే 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. పాత ఎన్‌టీ62-8కి అందులో సగం కూడా అక్కర్లేదు. మొదటి రోజు సురేంజ్, సుషిఫ్ట్, సుస్టోల్ట్ మూడిటితో తొలి బొమ్మ తీసి, డెప్త్ మైగ్రేషన్‌కి రెండు వారాలు విడిగా పెట్టుకోండి. సమయం ఎక్కువగా పోయేది వేగ నమూనా దిద్దడంలోనే, ప్రోగ్రాం నడపడంలో కాదు.